ముల్లు చెప్పేది పాత వార్త

కంప్యూటర్‌లో రైలు నడిపే ఆటలు ఆడేవాళ్లు సాధారణంగా డీజిల్ ఇంజనుతో మొదలుపెడతారు. పిడి ముందుకు తోస్తే బండి కదులుతుంది, వెనక్కి లాగి బ్రేకు వేస్తే ఆగుతుంది. ఆ ధీమాతో ఒకరోజు ఆవిరి ఇంజను ఎక్కుతారు. మొదటి స్టేషన్ దాకా బాగానే పోతుంది. ఆ తర్వాత మిట్ట తగులుతుంది, బాయిలర్ గేజీలో ముల్లు జారడం మొదలవుతుంది. గాభరాపడి బొగ్గు వేస్తారు, ముల్లు ఇంకా పడుతుంది. మరింత బొగ్గు వేస్తారు, చిమ్నీ నల్లపొగ కక్కుతుందే తప్ప ముల్లు లేవదు. చివరికి మిట్ట నడుమ బండి నిలబడిపోతుంది. నిలబడ్డ కాసేపటికి ఇందాక వేసిన బొగ్గంతా అంటుకుంటుంది, ముల్లు ఎర్రగీత చేరుతుంది, సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి బుస్సుమంటూ గాలిలో కలుస్తుంది.

ఈ ఆటలో ఓడినవాళ్లలో బద్ధకస్తులు తక్కువ. చాలామంది చెమటోడ్చే ఓడతారు. చేసిన పని తప్పు కాదు, చేసిన వేళ తప్పు. గేజీలో ఇప్పుడు కనిపిస్తున్న అంకె కొంతసేపటి కిందట మీరు చేసిన పనికి ఫలితం. ఇప్పుడు వేసే బొగ్గుకు ఫలితం ఇంకొంతసేపటికి గాని రాదు. అందుకని ముల్లును చూసి బొగ్గు వేసేవాడు ఎప్పుడూ ఆలస్యమే. దారిని చూసి బొగ్గు వేసేవాడికి ముల్లు దానంతట అదే నిలబడుతుంది. ఈ అధ్యాయంలో నేర్చుకోవలసింది ఈ ఒక్క అలవాటే.

మన పట్టాల మీద ముగ్గురు, ఆటలో ఒక్కరు

జహీరాబాద్ మీదుగా పోయే లైను నిజాం కాలం నాటిది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు ప్రధాన మార్గం 1874లో మొదలైంది. ఆ దారిలోని వికారాబాద్ దగ్గర చీలి మర్పల్లి, కోహీర్, జహీరాబాద్, బీదర్ మీదుగా పర్లీ వైద్యనాథుడి ఊరికి పోయే శాఖ 1930 చుట్టుపక్కల పడింది. నిజాం రైల్వే ఇంజన్ల మరమ్మతులకు లాలాగూడ వర్క్‌షాపు 1893 నుంచే ఉంది. బొగ్గుకు సింగరేణి గనులు ఉండనే ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక దేశమంతటా బ్రాడ్‌గేజీ మీద ప్యాసింజర్ బళ్లకు డబ్ల్యూపీ, గూడ్సు బళ్లకు డబ్ల్యూజీ ఇంజన్లు వచ్చాయి. 1995 చివరికి బ్రాడ్‌గేజీ మీద రోజువారీ పొగబళ్లు ఆగిపోయాయి. ఈనాడు జహీరాబాద్ కుర్రాడు బొగ్గింజను నడపాలనుకుంటే కంప్యూటర్ తెరే దిక్కు.

ఆ పెద్ద ఇంజన్ల మీద ముగ్గురు మనుషులు పనిచేసేవారు. డ్రైవరు దారినీ సిగ్నళ్లనూ చూస్తాడు. మొదటి ఫైర్‌మన్ పార పట్టి పొయ్యిలో బొగ్గు వేస్తాడు, నీళ్ల సంగతి చూస్తాడు. రెండో ఫైర్‌మన్ వెనక టెండరులో బొగ్గు పగలగొట్టి ముందుకు తోస్తాడు. ముగ్గురికీ కలిపి ఒకే లెక్క: ముందు ఏం రాబోతోంది? మిట్ట వస్తోందని డ్రైవరు ముందే చెబితే ఫైర్‌మన్ ముందే మంట సిద్ధం చేస్తాడు. సింగరేణి బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, మంట అంత తొందరగా మాట వినదు. అలాంటి బొగ్గుతో పనిచేసేవాడికి ముందుచూపు లేకపోతే ఒక్క పూట కూడా గడవదు.

ఆటలో ఆ ముగ్గురూ మీరే. ఓపెన్ రైల్స్ లాంటి ఉచిత ఆటల్లో మొదట బొగ్గు పని కంప్యూటరే చేసిపెడుతుంది. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆ సాయం తీసేసి పార తమ చేతికి తీసుకోవాలి. అప్పటిదాకా మీరు నడుపుతున్నది ఆవిరి ఇంజను కాదు, పొగ వచ్చే డీజిల్ ఇంజను.

రాబడి, ఖర్చు, నిల్వ

డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఇంజన్ల బాయిలర్ ఒత్తిడి 210 పౌండ్లు. అంటే బాయిలర్ లోపలి రేకులో ప్రతి చదరపు అంగుళం మీద 210 పౌండ్ల బరువు. చదరపు అడుగుకు లెక్క కడితే 30,000 పౌండ్లు దాటుతుంది, 13 టన్నుల పైమాట. ఆ ఒత్తిడి దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు కాదు, దాదాపు 200 డిగ్రీలకు మరుగుతాయి.

బాయిలర్‌లో ఉన్న ఈ వేడి నీళ్లే మీ నిల్వ. మంట నుంచి వచ్చే వేడి రాబడి. సిలిండర్లలోకి పోయే ఆవిరి ఖర్చు. రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే ముల్లు పడుతుంది, తక్కువైతే లేస్తుంది. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ మూడూ ఒకే వేగంతో మారవు. ఖర్చు క్షణంలో పెరుగుతుంది, రెగ్యులేటర్ లాగితే చాలు. రాబడి నిమిషాల మీద పెరుగుతుంది. పైగా కొత్త బొగ్గు వేసిన వెంటనే రాబడి తగ్గుతుంది కూడా. చల్లటి బొగ్గు మంట మీద పడి ముందు వేడిని తానే తాగుతుంది, తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి లోపలికి దూరుతుంది.

జహీరాబాద్ చుట్టుపక్కల చెరుకు గానుగల దగ్గర బెల్లం వండే చోట చూడండి. పొయ్యిలో చెరుకు పిప్పి ఎగేసే మనిషి పెనంలోకి తొంగిచూస్తూ కూర్చోడు. పాకం ఏ దశకు వస్తోందో ముందే పసిగట్టి, ఆ దశకు కావలసిన మంటను ఇప్పుడే తయారుచేస్తాడు. పాకం ముదిరాక మంట తగ్గించినా మాడిన బెల్లం మాడిన బెల్లమే. ఫైర్‌మన్ విద్య కూడా అదే.

చేతికి అందే పిడులు

ఆటను బట్టి మీటలు మారుతాయి గాని పనులు మారవు. వీటిని రాబడి పిడులు, ఖర్చు పిడులు అని రెండు మూటలు కట్టుకుంటే తికమక ఉండదు.

ఖర్చు వైపు మొదటిది రెగ్యులేటర్. బాయిలర్ నుంచి సిలిండర్లకు ఆవిరి వదిలేది ఇదే. రెండోది రివర్సర్. బండి ముందుకా వెనక్కా అని చెప్పేదిగానే దీన్ని కొత్తవాళ్లు చూస్తారు. దాని అసలు విలువ వేరు. పిస్టన్ కదలికలో ఎంతసేపు ఆవిరి లోపలికి పోవాలో అదే నిర్ణయిస్తుంది. కదిలేటప్పుడు 75 శాతం దాకా పెట్టాలి, బలం కావాలి కాబట్టి. వేగం అందుకున్నాక 25, 30 శాతానికి తెచ్చుకుంటే, లోపలికి వెళ్లిన కొద్దిపాటి ఆవిరే వ్యాకోచించి మిగతా పని చేస్తుంది. రివర్సర్‌ను 75లోనే వదిలేసి పరుగెత్తించేవాడు ఎంత బొగ్గు వేసినా చాలదు. ముల్లు పడుతోందని పారకు పరుగెత్తే ముందు రివర్సర్ ఎక్కడుందో చూడండి. ఆటలో సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి.

రాబడి వైపు మంట, దానికి గాలి. బొగ్గు కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి. ఒక్కసారి గుట్ట పోస్తే మంట ఉక్కిరిబిక్కిరవుతుంది. కింది నుంచి వచ్చే గాలిని డాంపర్ అదుపు చేస్తుంది. ఇక సిలిండర్లలో పని ముగించుకున్న ఆవిరి చిమ్నీలోంచి దూసుకుపోతూ మంటను పైకి లాగుతుంది. అంటే ఇంజను ఎంత కష్టపడితే మంట అంత రాజుకుంటుంది. రెగ్యులేటర్ మూయగానే ఆ లాగుడు ఆగిపోతుంది. అందుకే మూయడానికి ముందు బ్లోయర్ తెరవాలి. బాయిలర్ ఆవిరినే కొంచెం చిమ్నీలోకి వదిలి ఆ లాగుడును నిలబెట్టేది బ్లోయర్. నిజం ఇంజనులో ఇది మరచిపోతే మంట వెనక్కి తన్ని తలుపులోంచి మనుషుల మీదికే వస్తుంది.

రెండు మూటలకూ చెందింది ఇంజెక్టర్. ఫ్రాన్సు ఇంజనీరు గిఫార్డ్ 1858లో చేసిన సాధనం. బాయిలర్ ఆవిరి బలంతోనే నీళ్లను బాయిలర్‌లోకి నెడుతుంది. నీళ్లు లేకపోతే ఆవిరి లేదు, కానీ చల్లనీళ్లు పోసిన ప్రతిసారీ ముల్లు దిగుతుంది. కాబట్టి నీళ్లు ఎప్పుడు పోయాలన్నది ఎంత పోయాలన్నంత ముఖ్యం. ఆవిరి మిగిలిపోతున్నప్పుడు పోయండి. స్టేషన్‌లో ఆగి ఉన్నప్పుడు, దిగుడులో జారుతున్నప్పుడు, ముల్లు ఎర్రగీత వైపు పోతున్నప్పుడు. సేఫ్టీ వాల్వు గుండా వృథాగా పోవలసిన వేడి అప్పుడు నీళ్లలో నిల్వ అవుతుంది. మిట్ట మీద ఇంజను రొప్పుతున్నప్పుడు ఇంజెక్టర్ పూర్తిగా తెరవడమంటే, చేతిలో పైసా లేనప్పుడు అప్పులవాణ్ణి పిలుచుకోవడమే.

ఒక పెద్ద మిట్ట

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో ఇంగ్లండులోని సెటిల్–కార్లైల్ మార్గం ఉంది, దాని మీద నడపడానికి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజనూ ఉంది. ఆ ఆట కోసం చేసిన మార్గాలను ఓపెన్ రైల్స్ ఇప్పటికీ నడుపుతుంది. సెటిల్ నుంచి బ్లీమూర్ దాకా దాదాపు 15 మైళ్ల ఎక్కుడు, చాలావరకు నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున. ఇంత పొడుగు మిట్ట ముందుచూపును పరీక్షించినట్టు మరేదీ పరీక్షించదు.

ముల్లును నమ్ముకున్నవాడు మిట్ట మొదట్లో 200 చూసి నిశ్చింతగా ఉంటాడు. 180కి పడ్డాక పార అందుకుంటాడు. మంట అందుకునేలోపు 150. అప్పటికి బాయిలర్ నీళ్లను చూపే గాజుగొట్టంలో మట్టం కూడా దిగి ఉంటుంది. నీళ్లు పోస్తే 130. ఇక ఆ బండి పైకి చేరదు.

దారిని నమ్ముకున్నవాడు మిట్ట ఇంకా మూడు మైళ్లుండగానే పని మొదలుపెడతాడు. అక్కడ దారి చదును, ఖర్చు తక్కువ. అప్పుడే నీళ్లు గాజుగొట్టంలో మూడొంతుల పైకి తెచ్చుకుంటాడు. అవి లోపలికి పోయినకొద్దీ ముల్లు కొంచెం తగ్గినా కంగారుపడడు, ఎందుకంటే అది అతను కోరి చేసిన ఖర్చు. తర్వాత ఇంజెక్టర్ ఆపి, మంట మీద పలుచగా, వెంటవెంటనే బొగ్గు చల్లుతాడు. వెనక మూలల్లో, తలుపు కింద మందంగా, ముందువైపు పలుచగా. చిమ్నీ పొగ లేత బూడిద రంగులో ఉందంటే మంట సరిగ్గా ఉంది. నల్లగా ఉంటే బొగ్గు ఎక్కువైంది, లేదా గాలి చాలడం లేదు. పొగే కనిపించకపోతే మంట పలుచబడింది. మిట్ట తగిలే క్షణానికి ముల్లు ఎర్రగీతకు కొంచెం కిందే ఉంటుంది, మంట తెల్లగా మండుతుంటుంది. ఇక రెగ్యులేటర్ తెరిస్తే చిమ్నీ లాగుడుకు ఆ మంటే మరింత రాజుకుంటుంది. పెరిగే ఖర్చే రాబడిని కూడా పెంచుతుంది. మిట్ట మీద అతను చేసేది దాన్ని నిలబెట్టుకోవడమే.

అసలు మెళకువ శిఖరం దగ్గర ఉంది. పైకి చేరుతున్నాం కదా అని చివరి మైలులో కూడా జోరుగా బొగ్గు వేస్తే, దిగుడులో ఆ మంటకు పని ఉండదు, సేఫ్టీ వాల్వు పాలవుతుంది. కాబట్టి పైకి చేరేముందే పార తగ్గించాలి. మరి నీళ్లో? అవి తగ్గనివ్వకూడదు. దిగుడులో ఇంజను ముక్కు కిందికి వంగుతుంది, బాయిలర్ నీళ్లు ముందుకు పరుగెడతాయి, వెనక పొయ్యి పైకప్పు మీద నీళ్లు పలుచబడతాయి. మిట్ట ఎక్కేటప్పుడు గాజుగొట్టంలో సరిపడా కనిపించిన మట్టం, శిఖరం దాటగానే ఒక్కసారిగా కిందికి జారిపోవచ్చు.

నీళ్ల దగ్గర బేరం లేదు

ఒత్తిడి తగ్గితే బండి ఆగుతుంది, అంతే. నీళ్లు తగ్గితే పొయ్యి పైకప్పు కాలి మెత్తబడుతుంది, పైనున్న టన్నుల బరువుకు కూలిపోతుంది. ఆవిరి ఇంజన్ల పేలుళ్లలో ఎన్నో ఇలా జరిగినవే. అందుకే పొయ్యి పైకప్పులో సీసంతో నింపిన బిరడాలు పెడతారు. నీళ్లు తగ్గి వేడి మితిమీరితే సీసం ముందు కరిగి, ఆవిరి పొయ్యిలోకి దూకి హెచ్చరిక చేస్తుంది.

ఆటలో ప్రాణనష్టం లేదు కదా అని ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒత్తిడి, నీళ్లు రెండూ తక్కువగా ఉంటే ముందు నీళ్లు, తర్వాత ముల్లు. బండి ఆలస్యమైనా సరే, మిట్టలో ఆగినా సరే. అలాగని గాజుగొట్టం నిండా నింపడం కూడా తెలివి కాదు. నీళ్లు ఎక్కువైతే రెగ్యులేటర్ తెరిచినప్పుడు ఆవిరితోపాటు నీళ్లు కూడా సిలిండర్లలోకి పోతాయి. ఆవిరి నలుగుతుంది, నీళ్లు నలగవు. అప్పుడు విరిగేది సిలిండరే.

ముల్లు పడుతున్నప్పుడు ఏం చేయాలి

ఎంత ముందుచూపు ఉన్నా ఒక్కోసారి లెక్క తప్పుతుంది. అప్పుడు ఈ వరుస తప్పకండి.

1. నీళ్ల మట్టం చూడండి. సరిపడా ఉంటే ఇంజెక్టర్ ఆపండి. తక్కువగా ఉంటే ఆపకండి, బండి వేగం తగ్గించుకోండి.

2. రివర్సర్‌ను మధ్యకు కొంచెం తెండి. ఖర్చు తగ్గించడం వెంటనే ఫలితమిచ్చే పని. రాబడి పెంచడం ఆలస్యంగా ఫలితమిచ్చే పని. తొందర ఉన్నప్పుడు తొందరగా పనిచేసే పిడినే పట్టాలి.

3. పొగ రంగు చూడండి. నల్లగా ఉంటే బొగ్గు వేయడం ఆపి గాలి ఇవ్వండి. లేకుంటేనే బొగ్గు వేయండి, అదీ పలుచగా.

4. ఇప్పుడు చేతులు కట్టుకుని ఆగండి. చేసిన మార్పు ముల్లులో కనబడే దాకా ఇంకో మార్పు చేయకండి. ఇదే అన్నిటికంటే కష్టమైన మెట్టు. ఒక మార్పు ఫలితం రాకముందే రెండోది, మూడోది చేసేవాడికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

సేఫ్టీ వాల్వు లేచినప్పుడు కొత్తవాళ్లు మురిసిపోతారు, ఆవిరి దండిగా ఉందని. అది మీ బొగ్గు, మీ నీళ్లు గాలికి పోతున్న చప్పుడు. మంచి ఫైర్‌మన్ ఆ చప్పుడు రానివ్వడు. ముల్లు ఎర్రగీతకు ఒక వెంట్రుకవాసి కింద నిలిపి ఉంచుతాడు.

కంప్యూటర్ కట్టేశాక

ఈ ఆట నేర్పే అలవాటు ఆట దగ్గరే ఆగిపోనక్కరలేదు. జీవితంలో మనం రోజూ చూసుకునే ముళ్లన్నీ పాత వార్తలే చెబుతాయి. బ్యాంకు ఖాతాలో ఇవాళ కనిపించే అంకె గత నెలల ఖర్చుల ఫలితం. పరీక్షలో వచ్చిన మార్కులు మొన్నటి చదువుకు వచ్చినవి. తూకం యంత్రం చూపించే బరువు నిన్నటి భోజనానిది కాదు, ఆరు నెలల భోజనానిది. ఆ అంకెలు చూసి గాభరాపడి అప్పటికప్పుడు గుట్టలుగా బొగ్గు పోసేవాళ్లం మనం. పరీక్ష ముందు రాత్రి జాగారం, జూన్‌లో బడి ఫీజు కట్టే రోజున చేబదులు, డాక్టరు హెచ్చరించిన మర్నాడు కఠిన ఉపవాసం. ఆ బొగ్గు అంటుకునేసరికి మిట్ట దాటిపోయి ఉంటుంది.

ఫీజులు జూన్‌లో వస్తాయని, దసరా ఖర్చు ఎప్పుడు పడుతుందో, చెరుకు డబ్బు చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో మనకు ముందే తెలుసు. దారి మ్యాపులో మిట్టలు గీసినట్టే ఉన్నాయి. చదునులో ఉన్నప్పుడు నీళ్లు నింపుకోవడమే మనం చేయనిది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే మనిషికైనా, ఇంటర్ చదివే పిల్లకైనా ఏడాదిలో కష్టమైన నెలలు ఏవో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటికి ఒక నెల ముందు గుర్తు పెట్టుకుని, అప్పుడే మంట సిద్ధం చేయడం మొదలుపెడితే, ఆ నెలలో కొత్తగా చేయవలసిన సాహసాలు ఉండవు.

పొయ్యి పైకప్పు మీద నీళ్ల లాంటివి కొన్ని మనిషికీ ఉన్నాయి. నిద్ర, ఆరోగ్యం, ఇచ్చిన మాట. ఇవి తగ్గుతున్నప్పుడు బండి ఆలస్యమైనా సరే ముందు వాటినే చూసుకోవాలి. మిగతావన్నీ తర్వాత సర్దుకోవచ్చు.

అభ్యాసం

మొదటి పాఠం: చదును మార్గం ఎంచుకోండి, ఖాళీ ఇంజను చాలు. ఒకే వేగంతో నడుపుతూ, ముల్లును ఎర్రగీతకు 10 పౌండ్ల కింద నిలపండి. సేఫ్టీ వాల్వు లేస్తే మళ్లీ మొదటి నుంచి.

రెండో పాఠం: అదే మార్గంలో ప్రతి స్టేషన్‌లో ఆగండి. ఆగేముందు బ్లోయర్, ఆగాక ఇంజెక్టర్, కదిలేముందు ఇంజెక్టర్ ఆపడం. ఈ వరుస ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా చేయండి.

మూడో పాఠం: గేజీ మీద కాగితం ముక్క అంటించి కప్పేయండి. పొగ రంగు, నీళ్ల మట్టం, రాబోయే దారి మాత్రమే చూస్తూ నడపండి. ప్రతి స్టేషన్‌లో కాగితం తీసే ముందు ముల్లు ఎక్కడ ఉంటుందో ఊహించి రాసుకోండి, తర్వాత సరిచూసుకోండి. ఊహకూ గేజీకీ తేడా తగ్గుతున్నకొద్దీ మీరు ఫైర్‌మన్ అవుతున్నట్టు.

నాలుగో పాఠం: మిట్ట ఉన్న మార్గం, వెనక బరువైన గూడ్సు. బయల్దేరే ముందే కాగితం మీద రాయండి: మిట్ట ఎక్కడ మొదలు, ఎక్కడ నీళ్లు నింపాలి, ఎక్కడ మంట పెంచాలి, ఎక్కడ పార ఆపాలి. ఆ కాగితం ప్రకారమే నడపండి. లెక్క తప్పితే మంటను నిందించకండి, కాగితం దిద్దండి. బండి పైకి చేరకపోయినా సరే, దిద్దిన కాగితంతో మళ్లీ అదే మిట్ట ఎక్కండి.

ఐదో పాఠానికి కంప్యూటర్ అక్కరలేదు. క్యాలెండర్ తెచ్చుకుని రాబోయే ఏడాదిలో మీ మిట్టలు ఏవో గుర్తు పెట్టండి. ఒక్కోదానికి నెల ముందు తేదీ దగ్గర, ఆ రోజు మొదలుపెట్టవలసిన పని ఒకే ఒక్కటి రాయండి. మొదటి తేదీ వచ్చినప్పుడు ఖాతా నిండుగా, మనసు నిశ్చింతగా ఉన్నా సరే, ఆ పని ఆ రోజే మొదలుపెట్టండి.